బస్సును కొత్తది చెయ్యకు తల్లీ

తల్లీ,

రవాణా మ్యూజియంలో పాత వాహనాలు చూసుకునే ఉద్యోగంలో చేరావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. మన ఇంట్లో బస్సు నడిపినవాళ్లు ఉన్నారు, బస్సు బాగుచేసినవాళ్లు ఉన్నారు. బడికీ పెళ్లిళ్లకూ ఆసుపత్రికీ అందరం బస్సెక్కి వెళ్లినవాళ్లమే. బస్సును దాచిపెట్టే పని మాత్రం నీతోనే మొదలు. నా ఉద్యోగమంతా వర్క్‌షాపులో ఇంజన్ల మధ్య, బాడీల మధ్య గడిచింది కనుక నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను. చదువు నీకెక్కువ, ఇనుముతో గడిపిన కాలం నాకెక్కువ. రెండూ కలిస్తే ఆ బండ్లకే మేలు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. నీ చేతికొచ్చిన పాత బస్సును కొత్తది చెయ్యాలని ఎప్పుడూ చూడకు. మ్యూజియానికి వచ్చేసరికి బస్సు ఒక సాక్షి. ఏ రంగులు వేసుకుంది, ఏ దారుల్లో తిరిగింది, ఎక్కడ దెబ్బ తగిలింది, ఏ మేస్త్రీ ఏ అతుకు వేసి దాన్ని మళ్లీ రోడ్డెక్కించాడు, ఇవన్నీ దాని ఒంటి మీదే ఉంటాయి. ఆ సాక్ష్యం చెరిగిపోకుండా కాపాడడమే నీ ఉద్యోగం. తళతళలాడించడం సులువు. ఆ పనికి నీలాంటి చదువుకున్న పిల్ల అక్కర్లేదు, స్ప్రే గన్ను పట్టుకోవడం వచ్చిన మనిషి చాలు.

ఒక ఊళ్లో ఒక సంస్థ వాళ్లు గేటు ముందు పెట్టడానికి ఒక పాత బస్సు తెచ్చుకున్నారు. ప్రారంభోత్సవం తేదీ దగ్గర పడింది. హడావుడిగా గ్రైండరు పెట్టి పాత రంగంతా గీకేశారు, సొట్టలకు పుట్టీ పట్టించారు, ఎర్ర రంగు కొట్టారు. చెక్క సీట్లు తీసేసి కొత్త రెక్సిన్ సీట్లు బిగించారు. రిబ్బన్ కత్తిరించిన రోజున అందరూ చప్పట్లు కొట్టారు. నేను వెళ్లేసరికి గీకిన పొడి ఇంకా నేల మీద ఉంది. అందులో మూడు నాలుగు రంగులు కనిపించాయి. ఆ రంగుల్లో ఏది ఏ కాలానిదో ఇక ఎవరూ చెప్పలేరు. అమ్మ నగను కరిగించి కొత్త మోడల్ చేయించుకుంటే బంగారం ఎక్కడికీ పోదు, అమ్మ నగ మాత్రం పోతుంది. అక్కడ జరిగింది అదే.

మన దగ్గర ఎంత పోయిందో ఒకసారి లెక్క చూడు. హైదరాబాదు రాజ్యంలో నిజాం స్టేట్ రైల్వే వాళ్లే 1932 జూన్‌లో రోడ్డు రవాణా విభాగం పెట్టి బస్సులు నడపడం మొదలుపెట్టారు. అప్పుడు ఉన్నవి 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. 1951 నవంబరు 1న ఆ విభాగం హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రాష్ట్రం విడిపోయాక రెండు సంస్థలయ్యాయి. ఇంత చరిత్రకు కంటికి కనిపించే గుర్తుగా ఆ తొలినాళ్ల ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదు బస్ భవన్‌లో ఉంది. స్కాట్లాండులో గ్లాస్గోలోని స్కాట్స్‌టన్‌లో బండ్లు తయారుచేసిన కంపెనీ అది. ఉదయించే సూర్యుడు ఆ కంపెనీ గుర్తు. నువ్వు ఇంకా చూడకపోతే ముందు వెళ్లి దాన్ని చూసి రా. చూసేటప్పుడు ఒక్క ప్రశ్న మనసులో పెట్టుకో: దానితోపాటు తిరిగినవి, దాని తరువాత వచ్చినవి, వేలకు వేల బస్సులు, అవన్నీ ఎక్కడికి పోయాయి?

తుక్కుకు పోయాయి తల్లీ. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. బస్సు ఉన్నదే పనికోసం. పని అయిపోగానే వేలంలోకి వెళ్లి ఇనుముగా మారుతుంది. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకున్న పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది చూశావా? ఆయన 1911లో కన్నుమూశాకే అది హైదరాబాదు చేరింది. పెద్దగా తిరగలేదు కూడా. రాజుగారి కారు కాబట్టి దానికి ఎప్పుడూ ఒక నీడ, ఒక కాపలా ఉన్నాయి. రోజూ జనాన్ని మోసిన బండికి ఆ భాగ్యం పట్టదు. లక్షల మంది ఎక్కి దిగిన ఎర్రబస్సు అందరిదీ కాబట్టి దాని గురించి ప్రత్యేకంగా పట్టించుకునేవాళ్లు ఉండరు. అందుకే నీ మ్యూజియంలో రాజుల బండ్లకంటే పల్లెవెలుగు బస్సుకు, సిటీ బస్సుకు, సరుకుల లారీకి, డిపోలో బ్రేక్‌డౌన్ బండ్లను లాక్కొచ్చే క్రేన్‌కు ముందు చోటు చూడు. అవి అడిగి చోటు తీసుకోలేవు. వాటి తరఫున నువ్వే అడగాలి.

ఆలస్యం చేయడానికి వీల్లేని సంగతి ఒకటుంది. 2023 జనవరిలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ ఉండదు, వాటిని తుక్కు చేయాల్సిందే. రవాణా సంస్థల బస్సులూ అందులోకి వస్తాయి. పొగ, ప్రమాదాలు తగ్గాలన్న ఉద్దేశం మంచిదే, జనం ఎక్కే బండి క్షేమంగా ఉండాలి. నీకు మాత్రం గడువు ముంచుకొచ్చినట్టే. ఈ రోజు డిపోలో మామూలుగా తిరుగుతున్న మోడలు, ఎవరూ ఫొటో తీసుకోవాలని కూడా అనుకోనిది, నాలుగైదేళ్లలో ఒక్కటీ మిగలకపోవచ్చు.

మరి వింటేజ్ వాహనాలకు చట్టం లేదా అంటావు. ఉంది. 2021లో నిబంధనలు తెచ్చారు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తరువాత పునరుద్ధరణకు 5,000 రూపాయలు. ప్రదర్శనకో, ర్యాలీకో, రిపేరుకో తప్ప రోజువారీ తిరగడానికి వాడకూడదు. అయితే ఆ నిబంధన ద్విచక్ర వాహనాలనూ కార్లనూ దృష్టిలో పెట్టుకుని రాసినది, బస్సుకు అందులో చోటు లేదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ముప్ఫై ఏళ్లు దాటినదాన్నే చారిత్రక వాహనం అంటుంది. మన దగ్గర ప్రభుత్వ బండికి పదిహేనేళ్లకు తుక్కు, కారుకో బైకుకో యాభై ఏళ్లకు గౌరవం. ఆ రెండిటి నడుమ ముప్ఫై అయిదేళ్లు బండిని కాపాడే గొడుగు లేదు, బస్సుకైతే ఆ తరువాత కూడా లేదు. మ్యూజియమే ఆ గొడుగు పట్టాలి. అందుకే బస్సు పాతబడేదాకా ఆగకు. రోడ్డు మీద కాలు ఆడుతున్నప్పుడే ఎంచుకో.

బొంబాయి చూడు. ఎనభై ఏళ్లకు పైగా తిరిగిన డీజిల్ డబుల్ డెక్కర్ 2023 సెప్టెంబరు 15న చివరి ట్రిప్పు వేసింది. పూలదండలు వేసి జనం సాగనంపారు. కనీసం ఒకటి రెండయినా మ్యూజియంలో పెట్టండని పౌర సంఘాలు అడగాల్సి వచ్చింది. సాగనంపే రోజున అడగడం ఆలస్యమే. మన హైదరాబాదులోనూ డబుల్ డెక్కర్లు నిజాం కాలంలో మొదలై 2000ల తొలినాళ్లలో ఆగిపోయాయి. 2023 ఫిబ్రవరిలో మూడు ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు తెచ్చేసరికి నగరమంతా పాత 7జెడ్ రూటు డబుల్ డెక్కరును తలుచుకుంది. ఇంత ప్రేమ ఉన్న జనం, బండి ఉన్నప్పుడు ఒక్కదాన్ని నీడకు చేర్చమని గట్టిగా అడగలేదు. ఈసారి ముందే అడుగు. డిపో మేనేజర్లకు ఇప్పుడే ఉత్తరాలు రాయి. ఒక్కో మోడల్లో ఒక్కటి, డ్యూటీ నుంచి దిగిన రోజున ఎలా ఉందో అలాగే ఇవ్వమను. రూటు బోర్డు, టూల్ బాక్సు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, అగ్గి ఆర్పే సిలిండరు, లాగ్ షీట్లు, కండక్టరు టికెట్ల లెక్క రాసిన ఎస్ఆర్ కాగితాలు, టికెట్ మిషన్, ఏదీ తీసెయ్యకుండా. వేలం అయ్యాక వెతికితే బస్సు దొరికినా బోర్డు దొరకదు.

బండి నీ షెడ్డులోకి రాగానే మనవాళ్లు మొదట చేసేది నీళ్లు కొట్టి కడగడం. వద్దు. ఒక్క బక్కెట్ నీళ్లు పోసే ముందు నాలుగు వైపులా, కిందా, పైనా, లోపలా ఫొటోలు తీయించు. ప్రతి గీతకూ, ప్రతి అతుకుకూ, ప్రతి అక్షరానికీ కొలబద్ద పెట్టి తీయించు. చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, బాడీ కట్టిన చోటి పలక, టైరు మీది అచ్చు అన్నీ రాయించు. ఆ తరువాతే తుడుపు. అదీ మెత్తటి బ్రష్షుతో, పొడిగా.

సీట్ల అడుగున, ఫ్లోరు చెక్కల సందుల్లో ఏముందో నువ్వే కూర్చుని చూడు. ఆ పని స్వీపరుకు అప్పగించకు. ఒక పాత బాడీకి ఫ్లోరు చెక్కలు విప్పుతుంటే సందులోంచి పెన్సిలు ముక్కలు, రవికె హుక్కులు, చిల్లర పైసలు, పంచ్ చేసిన టికెట్లు రాలాయి. టికెట్లు పల్చటి కాగితం, చెమట తగిలి ముడుచుకుపోయి ఉన్నాయి. ఒకదాని మీద స్టేజీ నంబరు దగ్గర రంధ్రం స్పష్టంగా ఉంది. ఎవరో ఒక మనిషి ఒక స్టేజీ దాకా డబ్బులిచ్చి ప్రయాణం చేసిన గుర్తు అది. మేమైతే ఆ రోజుల్లో అలాంటివన్నీ ఊడ్చి పారేసేవాళ్లం, బండి సాయంత్రానికి రోడ్డెక్కాలి గనుక. నీకు ఆ తొందర లేదు. దొరికినదాన్ని దొరికిన చోటి పేరు రాసి కవరులో పెట్టు. వెనక సీటు కింద దొరికింది, డ్రైవరు పక్కన దొరికింది అన్న తేడా కూడా ముఖ్యమే.

రంగు సంగతి చెబుతాను. బస్సు ఏ కాలంలో ఏ రంగులో ఉందో తెలుసుకోవాలంటే గీకక్కర్లేదు. కంటికి ఆనని చోట, తలుపు లోపలి అంచునో బానెట్ కిందో, రూపాయి బిళ్లంత మేర ఎంచుకో. సన్నటి వాటర్ పేపర్‌ను నీళ్లలో తడిపి, వేలితో చిన్న వలయంలా నెమ్మదిగా రుద్దు. నడుమ ఎక్కువ, అంచుకు తక్కువ. పై పొర అరిగి కింది రంగు ఒక కన్నులా బయటపడుతుంది. దాని కింద ఇంకోటి. చివరికి ప్రైమరు, దాని కింద రేకు. ఎరుపు, దాని చుట్టూ లేత పసుపు, దాని చుట్టూ ఆకుపచ్చ, ఇలా వరుసగా తేలిన ఆ వలయాలే బండి వయసు చెబుతాయి. ఆ బిళ్లంత చోటును ఫొటో తీసి, దాని మీద పల్చటి వార్నిష్ రాసి అలాగే ఉంచు. మిగిలిన బాడీకి చెయ్యి తగలనియ్యకు. ఒక్క నాణెమంత చోటుతో తెలిసేదానికి బస్సంతా గీకడం ఎందుకు?

తరువాతి మాట నీడ. బండికి నువ్వు చేయగల సేవల్లో మొదటిది కప్పు వేయడం, రెండోది గాలి ఆడనివ్వడం. చాలామంది బస్సు మీద ప్లాస్టిక్ పట్టా కప్పి తాళ్లు కట్టి నిశ్చింతగా ఉంటారు. పట్టా కింద పగలు ఉడికి, రాత్రి చెమ్మ పట్టి, రేకు లోపలినుంచే తుప్పు పడుతుంది. కప్పాలంటే నూలు గుడ్డ కప్పు. నేల మీద గచ్చు వేయించు, మట్టినేల మీద నిలబెడితే కింద నుంచి తేమ లాగుతుంది. అల్యూమినియం రేకును ఇనుప బోల్టుతోనో ఇనుప ఫ్రేముతోనో కలిపిన చోట చూస్తూ ఉండు. అక్కడ తేమ చేరితే రెండు లోహాలూ రసాయన చర్యకు దిగి అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. పొడి కనిపిస్తే రంగు కొట్టి దాచకు. తేమ ఎటు నుంచి వస్తోందో వెతుకు.

పాత బాడీల్లో లోపల చెక్క చట్రం ఉంటుంది. మన దేశంలో చెక్కకు చెదల భయం ఎక్కువ, కాబట్టి నెలకోసారి చిన్న సుత్తితో తట్టి చూడు, డొల్ల మోగితే తెలిసిపోతుంది. కొబ్బరి పీచు సీట్లలో ఎలుకలు కాపురం పెడతాయి. వైర్లు కొరికేది కూడా అవే. రబ్బరుకు ఎండ తగిలితే పగుళ్లు వస్తాయి, కిటికీలకు పరదాలు వెయ్యి. బండిని సంవత్సరాల తరబడి టైర్ల మీద నిలబెట్టకు. యాక్సిల్ కింద స్టాండ్లు పెట్టి బరువు దించు. కమాను పట్టీలకు కూడా విశ్రాంతి కావాలంటే చాసిస్ కింద కూడా స్టాండ్లు పెట్టు. పాత సైజు టైర్లు ఇప్పుడు బజారులో వెతికినా దొరకవు, ఉన్నవాటినే కళ్లలో పెట్టుకో.

ఇంజన్ దగ్గర ఓపిక పట్టు. చాలాకాలం ఆగిన ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం కంటే పెద్ద అపచారం లేదు. నాజిళ్లు విప్పించు, సిలిండర్లలో కొంచెం నూనె పోయించు, ఒకటి రెండు రోజులు నాననివ్వు, తరువాత చేత్తో తిప్పి చూడు. పట్టేసి ఉంటే బలవంతం వద్దు. ట్యాంకులో పాత డీజిలు ఉంటే పూర్తిగా దించెయ్యి. పెట్రోలు బండి అయితే మరీ జాగ్రత్త: ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమ పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. ఇంకో మాట. అప్పుడప్పుడూ అయిదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే ఇంజన్ బాగుంటుందని చెప్పేవాళ్లుంటారు. వినకు. వేడెక్కకముందే ఆపితే లోపల పట్టిన తేమ ఆయిల్లో కలిసి లోహాన్ని తింటుంది. స్టార్ట్ చేస్తే పూర్తిగా వేడెక్కే దాకా నడిపించు, లేదంటే అసలు చెయ్యకు.

నీ ప్రాణం, నీ పనివాళ్ల ప్రాణం బండి కంటే ముందు. పాత బ్రేక్ లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ములు విప్పి ఎయిర్ గన్నుతో ఊదడం మా రోజుల్లో మామూలు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏళ్ల తరువాత రోగమై బయటపడుతుంది. తడిపి, మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిపించు, ఆ గుడ్డను సంచిలో మూసి పంపు. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా రుద్దించకు. ఇవి భయపెట్టడానికి చెప్పడం లేదు, నా తోటివాళ్లకు దక్కని జాగ్రత్త నీ వాళ్లకు దక్కాలని చెబుతున్నాను.

అగ్గి గురించి కూడా గట్టిగా చెప్పాలి. 2003 సెప్టెంబరులో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర ఉన్న నేషనల్ మోటార్‌సైకిల్ మ్యూజియం అంటుకుని మూడు వందలకు పైగా అపురూపమైన బండ్లు కాలిపోయాయి. ఒక్క సాయంత్రంలో. బ్యాటరీలు విప్పి వేరే గదిలో పెట్టు. వెల్డింగు షెడ్డు, బండ్లుండే షెడ్డు రెండూ ఒకటి కాకూడదు. బస్సుకూ బస్సుకూ నడుమ మనిషి నడిచే దారి వదులు. షెడ్డు తాళంచెవి ఎక్కడుందో రాత్రి కాపలా మనిషికి తెలిసుండాలి.

ఇక భాగాలు మార్చే సంగతి. మార్చక తప్పని రోజు వస్తుంది. అప్పుడు మూడు పనులు చెయ్యి: తీసిన భాగాన్ని చీటీ కట్టి దాచు, వేసిన కొత్త భాగం మీద కనపడని చోట సంవత్సరం చెక్కించు, ఎందుకు మార్చావో రిజిస్టరులో రాయి. రేపు నీ తరువాత వచ్చినవాళ్లు ఏది పాతదో ఏది నువ్వు పెట్టిందో చూడగానే తెలుసుకోవాలి. అసలు ‘ఒరిజినల్’ అన్న మాట బస్సు దగ్గర ఆచితూచి వాడు. లండన్ వాళ్లకు ఆల్డెన్‌హామ్‌లో పెద్ద వర్క్‌షాపు ఉండేది. ఓవర్‌హాల్‌కు వచ్చిన బస్సు బాడీ ఒకవైపు, చాసిస్ ఒకవైపు వెళ్లి, బయటికి వచ్చేటప్పుడు వేరే బాడీ వేరే చాసిస్ కలిసి అదే నంబరుతో రోడ్డెక్కేది. మన వర్క్‌షాపుల్లోనూ డిపో నుంచి వచ్చిన ఇంజన్‌కు బదులు రీకండిషన్ చేసిన ఇంకో ఇంజన్ ఇచ్చి పంపేవాళ్లం. గేర్ బాక్సూ అంతే. అందుకని ఒక బస్సులో నాలుగు బస్సుల ముక్కలుంటే అది నకిలీ అనుకోకు. రవాణా సంస్థలో బస్సు బతికే పద్ధతే అది. ఆ పద్ధతిని కూడా చూపించు, జనానికి కొత్త సంగతి తెలుస్తుంది.

నడపాలా, నిలబెట్టాలా అన్న వాదన నీ దగ్గరికి తప్పకుండా వస్తుంది. రెండు పక్షాల్లోనూ నిజముంది. నడిచే బస్సులో శబ్దం, కుదుపు, గేరు మార్చినప్పటి ఊపు తెలుస్తాయి, అవి అద్దాల వెనక దొరకవు. నడిస్తే అరుగుదల కూడా తప్పదు. ఒకే రకం బస్సులు రెండు సంపాదించగలిగితే ఒకటి నడిపించు, ఇంకోటి ముట్టుకోకుండా ఉంచు. ఒక్కటే ఉంటే నిలబెట్టు. ప్రపంచంలో అదొక్కటే మిగిలి ఉన్నప్పుడు, ఊరేగింపు కోసం దాన్ని రోడ్డెక్కించే హక్కు నీకూ లేదు, నీ పైవాళ్లకూ లేదు.

రాసేటప్పుడు ఒక నియమం పెట్టుకో. కాగితం ఉన్నదాన్ని ఒక పేజీలో, జనం చెప్పుకునేదాన్ని ఎదురు పేజీలో రాయి. ఆర్టీసీ బస్సు నంబరులో ‘జెడ్’ అక్షరం ఎందుకుందంటే ఏడో నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని మా తరం అంతా చెప్పుకునేది. ఆ కథను తీసెయ్యకు, ఎంతమందికి అది గర్వమో నాకు తెలుసు. ఉత్తర్వు దొరికితే మొదటి పేజీలో రాయి, దొరికే దాకా రెండో పేజీలో ఉంచు. మ్యూజియం గోడ మీద రాసినదాన్ని పిల్లలు ప్రశ్నించకుండా నమ్ముతారు, ఆ నమ్మకానికి తగ్గట్టు రాయి.

చూడటానికి వచ్చేవాళ్లను దూరం నుంచి చూసి పొమ్మనకు. ఒక బస్సును, మామూలుగా దొరికే మోడలును, పిల్లలు ఎక్కి కూర్చోవడానికే కేటాయించు. ఒక గంట కొడితే ఆగాలి, రెండు గంటలు కొడితే కదలాలి, ఆ తాడు వాళ్ల చేత లాగించు. ‘స్త్రీలకు’ అని రాసిన సీటు దగ్గర అది ఎందుకు రాయాల్సి వచ్చిందో రెండు వాక్యాలు పెట్టు. ఊళ్లో కులాన్ని బట్టి రెండు గ్లాసుల పద్ధతి నడిచిన రోజుల్లో కూడా బస్సులో అన్ని కులాలవాళ్లూ ఒకే సీటు మీద పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది. అది ఎక్కడ సాఫీగా జరిగిందో, ఎక్కడ గొడవైందో ఆ కాలపువాళ్లను అడిగి ఉన్నదున్నట్టు రాయి. బస్సు మన సమాజానికి చేసిన మేలు ఇంజన్ కొలతల్లో కనిపించదు. బోర్డులు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి, బస్సు మీద రూటు పేరు ఒకప్పుడు అలాగే రాసేవాళ్లు.

అన్నిటికీ చోటు ఉండదు, కాదనడం కూడా నేర్చుకో. లండన్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం కోవెంట్ గార్డెన్‌లో పాత పూలబజారు భవనంలో ఉంది. అక్కడ కనిపించేది కొంతే. మిగిలిన సంపద యాక్టన్‌లోని డిపోలో ఉంటుంది, ఎంపిక చేసిన రోజుల్లోనే తెరుస్తారు. ప్రదర్శన వేరు, భద్రత వేరు అని వాళ్లు ముందే గ్రహించారు. నువ్వూ అలాగే చెయ్యి. నీడ చూపించలేని బండిని తెచ్చుకుని వానలో నిలబెట్టడం కంటే, ఇంకో మ్యూజియానికి దారి చూపడం మేలు. హరియాణాలో తావడూ దగ్గర 2013లో తెరిచిన హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియం ఉంది, కలకత్తా ఎస్ప్లనేడ్‌లో పాత ట్రామునే మ్యూజియంగా మార్చిన స్మరణిక ఉంది. వీలు చూసుకుని రెండూ తిరిగిరా. వాళ్లతో స్నేహం పెంచుకో. విడి భాగం ఎక్కడ దొరుకుతుందో, పాత కొలతలు తెలిసిన మేస్త్రీ ఎక్కడున్నాడో పుస్తకాల కంటే స్నేహాలే ముందు చెబుతాయి.

ఒక రోజు పైనుంచి ఫోన్ వస్తుంది. ఫలానా పెద్దమనిషి వస్తున్నారు, బస్సు మెరవాలి అంటారు. అప్పుడు కంగారు పడకు, ఎదురు మాట్లాడకు. బస్సు పక్కన నిలబడి, ఆ రూపాయి బిళ్లంత వలయాన్ని చూపించి, ఏ పొర ఏ కాలానిదో నిదానంగా చెప్పు. ఇష్టంతో చెప్పినమాట వినని మనిషిని నేను అరుదుగా చూశాను. విన్నాక రంగు కొట్టమనే మనసు వాళ్లకూ రాదు.

చివరిగా, అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. ఇనుము కొంతకాలం ఆగుతుంది, మనుషులు ఆగరు. డబుల్ డెక్కరు నడిపినవాళ్లలో చాలామంది ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. పవర్ స్టీరింగు లేని బండిని ఘాట్ రోడ్డులో ఎలా తిప్పేవాళ్లో వాళ్ల భుజాలకు తెలుసు. పండగ రద్దీలో ‘హోల్డాన్’, ‘రైట్ రైట్’ అని అరుస్తూ జనం మధ్య టికెట్లు కొట్టిన కండక్టర్లు, మొదట్లో చేరి ఎన్నో మాటలు పడ్డ మహిళా కండక్టర్లు, చేత్తో అక్షరాలు రాసిన పెయింటర్లు, మియాపూర్‌లో బాడీలు కట్టిన కార్పెంటర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ల దగ్గరికి ఈ నెలలోనే వెళ్లు. రికార్డరు తీసుకెళ్లు, పాత ఫొటోలు తీసుకెళ్లు. వీలైతే వాళ్లనే షెడ్డుకు పిలిచి, డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి అడుగు. చెయ్యి గేర్ రాడ్ మీద పడగానే మాటలు వాటంతట అవే వస్తాయి. నీ పుస్తకంలో వాళ్ల పేరు, వాళ్ల డిపో పేరు బస్సు నంబరు పక్కనే రాయి. బస్సుకు చరిత్ర ఉందంటే అది వాళ్ల కష్టమే.

ఇది ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు, ఒక్కరితో అయ్యేదీ కాదు. ఓపికగా చెయ్యి, నీ కింద ఇద్దరు పిల్లలకు నేర్పు. గేర్ బాక్సు విప్పే రోజున నన్ను పిలువు, కూర్చుని చూపిస్తాను. నీ చేతుల మీదుగా పది బండ్లు పది కాలాల పాటు నిలవాలని, ఆ పనిలో నీకు పేరూ తృప్తీ రెండూ దక్కాలని మనసారా దీవిస్తున్నాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న